ఆకుమడిలో ఇంగ్లీషు

నాట్ల కాలంలో మా క్యాంపులో ఆకాశం కింద ఉండేది. దున్ని దమ్ము చేసిన మళ్ళలో నీళ్ళు నిలిచాక మబ్బులన్నీ వాటిలోకి దిగివచ్చేవి. వంగి నారు నాటే ఆడవాళ్ళు మబ్బుల్లో చేతులు ముంచి, మబ్బుల మీదే ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తూ పోయేవారు. నాటిన మొక్కను తొక్కకుండా ఉండాలంటే వెనక్కే నడవాలి. కాలువ గట్టు మీద నిలబడి చూస్తే వాళ్ళంతా ఎదురుగా ఉన్న ఎవరికో వంగి దండం పెడుతూ, నెమ్మదిగా ఆ మనిషికి దూరమైపోతున్నట్టు కనిపించేది.

మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చాం. తుంగభద్ర కాలువ పారింది, బళ్ళారి జిల్లాలో భూములు చవక అని విని మా నాన్న అక్కడి నేల చెక్క అమ్మేసి కంప్లికి ఇవతల ఇంత పొలం కొన్నాడు. మా వెనకే ఇంకొన్ని కుటుంబాలు వచ్చాయి. ఊరికి పేరు లేదు. అందరూ క్యాంపు అనేవారు. కాలువ పక్కన గడ్డి కప్పిన ఇళ్ళు, ఒక రేకుల కొట్టం, నాలుగో తరగతి దాకా చెప్పే ఒంటి పంతులు బడి, అంతే. పొద్దున లేచి తలుపు తీస్తే మంచులో ఎదుటి ఇల్లు కనిపించేది కాదు. రాత్రికి రాత్రి ఎవరో ఊరిని చుట్టి పట్టుకుపోయారేమో అనుకునేదాన్ని. కాసేపటికి మంచు తేలిపోయి ఒక్కొక్క ఇల్లే వచ్చి తన చోట నిలబడేది.

అక్కడ మా ఊళ్ళో నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఇక్కడికి వచ్చాక ఆ చదువుకు పనేమీ దొరకలేదు. ఎరువుల బస్తాల మీద ఉన్న ఇంగ్లీషు చదివి నాన్నకు చెప్పేదాన్ని. మిగతా పొద్దంతా అన్నం క్యారియరు పొలానికి చేర్చడం, గట్టు మీద కూర్చుని నాట్లు చూడడం. మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ తక్కువే. చూడడం మాత్రం విసుగుపుట్టేది కాదు.

శివపార్వతి మా పక్కింటి చెన్నకేశవరావు గారి కూతురు. పదేళ్ళుంటాయి. నాలుగో తరగతి అయిపోయింది. ఐదో తరగతికి కంప్లి వెళ్ళాలి. క్యాంపు మగపిల్లలు ఇద్దరు ముగ్గురు సైకిళ్ళ మీద వెళ్తున్నారు. ఆడపిల్ల ఇంతవరకు ఒక్కతీ వెళ్ళలేదు. శివపార్వతికి వెళ్ళాలని ఉంది. ఆ మాట ఆ పిల్ల ఎవరితోనూ గట్టిగా అనలేదు. సైకిళ్ళు గట్టు ఎక్కి వెళ్ళేటప్పుడు మాత్రం చేతిలో పని ఆపి, అవి తుమ్మచెట్ల వెనక్కి పోయేదాకా చూసేది.

కంప్లి బడి హెడ్మాస్టరు వీరభద్రప్ప గారు మంచి మనిషి. క్యాంపుల పిల్లలు జూన్‌లో రాలేరని తెలుసు కనక, నాట్లు సద్దుమణిగాక వచ్చినా చేర్చుకుంటానని కబురు పంపారు. ఒక్కటే షరతు. ఐదో తరగతిలో ఇంగ్లీషు మొదలై అప్పటికి కొన్నాళ్ళవుతుంది. చేరేవాళ్ళకు చిన్న చిన్న మాటలైనా రాయడం రావాలి. ఆయన చెబుతారు, పిల్ల రాయాలి.

ఆ ఇంట్లో అటువంటి సంగతులు తేల్చేది శివపార్వతి నాయనమ్మ హనుమాయమ్మ గారు. చెన్నకేశవరావు గారిని అడిగితే, "అమ్మ ఎట్లా అంటే అట్లా," అని అరక పట్టుకుని వెళ్ళిపోయేవారు. ఆవిడ పొద్దున వచ్చి గట్టు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. కేకలు వేయదు. పేరు పెట్టి పిలవదు. ఊరికే చూస్తుంది. ఆవిడ కూర్చున్న మడిలో వరసలు గీత గీసినట్టు వచ్చేవి.

ఒక మధ్యాహ్నం నేను ధైర్యం చేసి, శివపార్వతికి ఇంగ్లీషు నేర్పుతానని ఆవిడతో అన్నాను.

"ఎందుకు?" అంది.

"కంప్లి బడికి, మామ్మగారూ."

ఆవిడ చూపు నీళ్ళ మీదే ఉంది. "ఒక్కసారి తీసుకెళ్తా. అడిగినవి రాసిందా, చేర్పిస్తా. రాయలేదా, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు, నువ్వూ అదీ కూడా. ఇంకోటి. ఊడుపులు మానిపించి చదివించడానికి వీల్లేదు. మనిషి దొరక్క మనం చస్తున్నాం."

నాట్లు వేసే ముఠాకు పెద్ద ఉరుకుందమ్మ. సిరుగుప్ప వైపు మనిషి. నడుం ఎత్తకుండానే నవ్వింది. "అవ్వా, నీ మనమరాలు ఇంగ్లీసు నేర్సుకోని కలెక్టరమ్మ అయి వస్తే ఏం జేస్తావ్?"

"ముందు నీ ముఠా చేత వరసలు వంకర లేకుండా నాటించమని ఆర్డరేయిస్తా," అంది హనుమాయమ్మ గారు.

"అట్లయితే ఒద్దులే తల్లీ. ఆ పాప సాలెకి పోనే కూడదు." ముఠా అంతా నవ్వింది. ముఠాలో ఒకతిగా వంగి నాటుతున్న శివపార్వతి మాత్రం నవ్వలేదు. నా వైపు ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ మబ్బుల్లోకి వంగింది.

మొదట సాయంత్రాలు పలక మీద మొదలుపెట్టాను. అక్షరాలు ఒక్కొక్కటే దిద్దించాను. అవి త్వరగానే వచ్చాయి. మాటల దగ్గరికి వచ్చేసరికి పిల్ల నిలవలేకపోయేది. పొద్దంతా నీళ్ళలో వంగి, పలక ముందు కూర్చోగానే తల వాలిపోయేది. ఆ చేతులు ఎంత కడిగినా బురద వాసన. బలపం పట్టుకుని నిద్రపోతున్న పిల్లను చూస్తూ కూర్చునేదాన్ని. లేపబుద్ధి అయ్యేది కాదు.

మా ఆకుమడి కాలువ పక్కనే ఉండేది. నారు పెంచిన ఆ చిన్న మడిని మేము ఆకుమడి అంటాం, ఇక్కడివాళ్ళు నారుమడి అంటారు. నారంతా పీకి పొలాలకు మోసేశాక అది ఖాళీగా, మెత్తగా, పాలమీగడలాగా ఉండిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ముఠా వాళ్ళు సద్దులు విప్పుకుని తింటున్నారు. శివపార్వతి చెయ్యి కడుక్కుని ఆకుమడిలోకి దిగింది. వంగింది. బొటనవేలితో బురదలో ఏదో రాసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ వంగి రాసింది. మళ్ళీ అడుగు. నాలుగు అడుగులు వెనక్కి వచ్చి నడుం ఎత్తి, తను నాటిన వరసను చూసుకున్నట్టు చూసుకుంది.

నేను వెళ్ళి చూశాను. గేట్ అని రాసి ఉంది. నిన్న పలక మీద ఎంత చెప్పినా రాని మాట.

మరునాటి నుంచి పాఠం ఆకుమడిలోనే. ముఠా వాళ్ళు తినేలోగా మా చదువు అయిపోవాలి. శివపార్వతిని చూసి ఇంకో నలుగురు చిన్నవాళ్ళు కూడా దిగారు. నేను మాట చెప్పేదాన్ని. అందరూ ఒక్కసారి వంగేవారు. అక్షరం, అడుగు. అక్షరం, అడుగు. ఎవరూ నిద్రపోలేదు. ఉరుకుందమ్మ గట్టు మీద నుంచి జొన్నరొట్టె నములుతూ చూసేది.

"ఏంది పాపా, ఏం నాటుతాండారు ఆడ?"

"ఇంగ్లీషు."

"ఎకరాకి ఎన్ని మూటలు పండుతాది అది?"

"కోశాక చెప్తాం," అనేవాడు వాళ్ళలో చిన్నవాడు.

సాయంత్రానికి కాలువ ఊట ఆ అక్షరాల్లోకి వచ్చేది. ఒక్కొక్క అక్షరంలో ఒక్కొక్క గీత ఆకాశం. కొంగలు వచ్చి వాటి మధ్య నెమ్మదిగా నడిచేవి, చదువుతున్నట్టే తల వంచి. తెల్లారేసరికి బురద మళ్ళీ కలిసిపోయి, నిన్న అక్కడ ఏమీ జరగనట్టు ఉండేది. ఆ మాటలు ఎక్కడికి వెళ్ళాయో అని నాకు అనిపించేది. కిందికి, ఇంకా కిందికి ఇంకిపోయి, ఈ నేల కింద ఎక్కడో ఒక ఇంగ్లీషు ఊరు ఉందేమో అనిపించేది.

నాకు తెలిసిన ఇంగ్లీషు కొంచెమే. మా పంతులు గారు బెత్తంతో చెప్పిన సూత్రాలు కొన్ని గుర్తున్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు చెబితే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. అందుకని వాళ్ళకు తెలిసిన చోటికి తెచ్చి చెప్పాను. క్యూ అనే అక్షరం ఎక్కడికి వెళ్ళినా వెంట యు ఉండాలి. ఎట్లాగంటే, కాలువ నీళ్ళు వదిలే లస్కరు కెంచప్ప ఎండైనా వానైనా గొడుగు లేకుండా బయటికి రాడు కదా, అట్లా. రన్ అనే మాట పొడుగై రన్నింగ్ కావాలంటే ఎన్ రెండుసార్లు రాయాలి. లోపలి అచ్చు పొట్టిది, బలహీనం. మెత్తటి చోట మనం రెండు మొక్కలు కలిపి నాటమూ, గాలికి పడిపోకుండా? అదే. పిల్లలు వెంటనే తల ఊపారు. ఇది వాళ్ళకు కొత్త సంగతి కాదు.

చిక్కంతా మాట చివర వచ్చే ఈ అనే అక్షరం దగ్గర. అది పలకదు. పలకకపోగా, దూరంగా ఉన్న అచ్చు చేత దాని అసలు పేరు పలికిస్తుంది. నాట్ అంటే కాదు అని అర్థం. చివర ఆ అక్షరం వస్తే నోట్. కిట్ కాస్తా కైట్ అవుతుంది. ఎందుకని అడిగాడు చిన్నవాడు.

"నాన్నమ్మ కూర్చున్నట్టు," అంది శివపార్వతి నెమ్మదిగా.

అందరం గట్టు వైపు చూశాం. గోనెపట్టా మీద హనుమాయమ్మ గారు, మాట లేకుండా, మడి వైపు చూస్తూ. ఆవిడ చూపు పడగానే వరసలో మూడో మనిషి నడుం సరిచేసుకుని నాటుతోంది.

అప్పటి నుంచి ఆ అక్షరం పేరే హనుమాయమ్మ అయిపోయింది. జి, ఏ, టి, హనుమాయమ్మ. సి, ఏ, కే, హనుమాయమ్మ. ఆఖరి అడుగు దగ్గర పిల్లలు గొంతు తగ్గించి గుసగుసగా అనేవారు, ఆవిడకు వినబడకుండా. అది నవ్వులాటగా మొదలైంది గాని, ఆ తరవాత ఒక్కరు కూడా ఆ అక్షరం రాయడం మరవలేదు.

నాట్లు ఇంకా పూర్తికాకముందే కంప్లి నుంచి కబురు వచ్చింది. పరీక్ష పెట్టేస్తాను, పిల్లలుంటే తీసుకురమ్మని. చెన్నకేశవరావు గారు బండి కట్టించారు. హనుమాయమ్మ గారు ఉతికిన చీర కట్టుకుని ముందు కూర్చుంది. వెనక నేనూ శివపార్వతీ. సన్నటి తుంపర. దారి పొడుగునా రెండు పక్కలా నాటిన మళ్ళు, లేతగా, ఇంకా నీళ్ళే ఎక్కువ కనబడుతూ. ఎద్దులు మెల్లగా నడుస్తుంటే మేము కదులుతున్నామో, మళ్ళే మా పక్కనుంచి వెనక్కి నడిచిపోతున్నాయో తెలియలేదు. శివపార్వతి ఒళ్ళో చేతులు పెట్టుకుని బొటనవేలితో చూపుడువేలిని నొక్కుతూ ఉంది.

"భయంగా ఉందా?" అన్నాను.

"రాకపోతే మళ్ళీ రానివ్వదు గదా అక్కా."

ముందు కూర్చున్న ఆవిడ వెనక్కి తిరగలేదు.

హెడ్మాస్టరు గది బడికి ఒక చివర ఉంది. మమ్మల్ని వరండాలో కూర్చోమని, పిల్లను లోపలికి పిలిచి బల్ల మీద కూర్చోబెట్టారు వీరభద్రప్ప గారు. ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చారు. కిటికీలోంచి నాకు పిల్ల కాళ్ళు కనిపిస్తున్నాయి. అవి నేలకు అందలేదు. ఆయన మాట చెప్పినప్పుడల్లా ఆ పాదాలు గాలిలో ఒకటి తరవాత ఒకటి వెనక్కి కదిలాయి. కదులుతున్నాయంటే రాస్తున్నదన్నమాట. నాకు ధైర్యం వచ్చింది.

కాసేపటికి ఆయన కాగితం పట్టుకుని బయటికి వచ్చారు. నుదురు ముడిపడి ఉంది.

"నీవేనా అమ్మా చెప్పిచ్చిండేది?"

లేచి నిలబడ్డాను.

"తెలుగులో పేరు రాయమంటే చందంగా రాసింది. ఇంగ్లీషు యా భాషలో రాసిందో నాకు తెలీలేదు. చూడు. జి, సి, ఆర్, కే, క్యూ, ఆర్. ఏమన్నా మాటనా ఇది? కింది వరస. ఏ, ఏ, ఓ, ఐ, యు, యు. ఏడుస్తాండాదా పాప?"

హనుమాయమ్మ గారు గోడ పట్టుకుని లేచింది. "అయిపోయింది గదా. బండి కట్టమనండి."

నేను కాగితం చూశాను. చూడగానే నాకు మా ఆకుమడి కనబడింది. కాగితం పై అంచు నుంచి శివపార్వతి తన వైపుకు వెనక్కి నడిచి వచ్చింది. పైన జి. దాని కింద ఏ. దాని కింద టి. దాని కింద ఈ. గేట్. దాని పక్క వరస కేక్, ఆ పక్కది రోజ్, ఆ పక్కది కైట్. అన్నీ నిలువు వరసలు, ఒకదాని పక్కన ఒకటి, సమానమైన ఎడంతో. ఆ వరసల మీద వేలు పెట్టి చూపించబోయాను. మాటలు రావలసిన చోట ఎప్పుడూ నాకు అంతే.

ఈలోగా లోపలి నుంచి శివపార్వతి వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ముఖాలు చూసింది. నాయనమ్మ చెప్పుల కోసం వెతుక్కోవడం చూసింది.

"చదివి చూపిస్తా సార్," అంది.

వీరభద్రప్ప గారు కాగితం ఇచ్చారు. పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుని తల వంచింది. జి అని ఒక అడుగు వెనక్కి వేసింది. ఏ అని ఇంకో అడుగు. గది మధ్యలోకి వెళ్ళిపోయింది. మేము గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. టి. ఇంకో అడుగు. ఆఖరి అడుగు దగ్గర గొంతు తగ్గింది.

"హనుమాయమ్మ. గేట్."

"ఎవురు?" అన్నారు ఆయన.

పిల్ల తలెత్తలేదు. ఆగితే పడిపోతానన్నట్టు రెండో వరసకు వెళ్ళిపోయింది. "సి. ఏ. కే. హనుమాయమ్మ. కేక్."

"హనుమాయమ్మ ఎవురమ్మా?"

"నేనే," అంది వరండాలోంచి హనుమాయమ్మ గారు.

వీరభద్రప్ప గారు ఒకసారి ఆవిడను, ఒకసారి కాగితాన్ని చూశారు. ఆయన మీసం కింద ఏదో కదిలింది గాని బయటికి రానివ్వలేదు. "ఆ అచ్చరాన్ని మేము ఈ అంటాం పాపా. నీవు మీ అవ్వ పేరు ఎందుకు పెట్టినావు?"

"అది పలకదు సార్. చివర గట్టు మీద కూర్చుంటుంది. అది ఉంటేనే ముందున్నవి సరిగ్గా పలుకుతాయి."

"లేకపోతే?"

"పొట్టిగా, బద్ధకంగా పలుకుతాయి."

హనుమాయమ్మ గారు ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా అట్లాగే నిలబడిపోయింది.

"ఎన్ని రోజుల నుంచి?" అంది నన్ను చూసి.

"ఆకుమడిలోకి దిగినప్పటి నుంచి, మామ్మగారూ."

"అందరూ అంటారా?"

"అంటారు."

ఆవిడ చూపు మనమరాలి చేతిలోని కాగితం మీదికి వెళ్ళింది.

వీరభద్రప్ప గారు కాగితం తీసుకుని, ఈసారి పై నుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చారు. ఒక్కొక్క వరస అయ్యేసరికి తల ఊపారు. "మాటలు బరోబ్బరి ఉండాయి. క్వీన్ కూడా తప్పు పోలేదు. రన్నింగ్‌లో రెండు ఎన్‌లు ఏసింది. మా పిల్లలే ఒకటి ఎగరగొడతారు. అయితే పాపా, తెలుగు అడ్డం రాసి ఇంగ్లీషు నిలువు ఎందుకు రాసినావు?"

"ఇంగ్లీషు ఇట్లాగే గదా సార్. బజార్లో సాయిబుగారి బోర్డు మీద ఉర్దూ అటు నుంచి ఇటు ఉంటుంది. తెలుగు ఇటు నుంచి అటు. ఇంగ్లీషు పై నుంచి కిందికి."

"ఎరువు మూటల మీద చూల్లేదా? అడ్డం ఉంటాది కదా."

"అది అచ్చు సార్. చేత్తో రాసేటప్పుడు ఇట్లా."

ఆయన ఇంకో కాగితం ఇచ్చి అడ్డంగా రాయమన్నారు. శివపార్వతి జి రాసింది. పెన్సిలు కాసేపు దాని పక్కన గాలిలో ఆగింది. తరవాత దానంతట అదే కిందికి దిగిపోయింది. చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ కిందికే. మూడోసారి చేతిని ఎడమచేత్తో పట్టుకుని పక్కకు లాగింది. టి ముందూ ఏ తరవాతా వచ్చాయి. పక్కకు వెళ్తే పిల్లకు ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు. పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. కన్నీళ్ళు కాగితం మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది.

"ఏడవొద్దు, ఏడవొద్దు," అన్నారు వీరభద్రప్ప గారు. మా వైపు తిరిగారు. "బుద్ధి ఉండాది. చెయ్యే దారి తప్పింది. ఇప్పుడు చేర్చుకుంటే బోర్డు మీదిది దించుకోలేదు, రోజూ ఎనకబడతాది. దసరా సెలవులు అయినంక తీసుకోని రాండి. అడ్డం రాసేది అలవాటు చేపిచ్చండి. అంతవరకూ జాగా పెట్టి ఉంటా. ఆ పైన నా చేతిలో లేదు."

మేమంతా హనుమాయమ్మ గారి వైపు చూశాం. ఒక్కసారి అన్నది ఆవిడే. ఆవిడ రెండో చెప్పు వేసుకుని, ఆయనకు చేతులు జోడించి, వరండా దిగి బండి వైపు నడిచింది.

తిరుగుదారిలో తుంపర ఆగి, ఎండ రాకుండా వెలుగు మాత్రం వచ్చింది. శివపార్వతి కాసేపు మళ్ళ వైపు చూసి, నా భుజం మీద వాలి నిద్రపోయింది. హనుమాయమ్మ గారు ఈసారి ముందు కూర్చోలేదు. వెనక మా ఎదురుగా కూర్చుంది. బండి ఊగుతుంటే ఊగుతూ మనమరాలినే చూస్తోంది. ఏమనుకుంటోందో ఆ ముఖం చూసి చెప్పలేం.

నిద్రలో పిల్ల పాదాలు కదిలాయి. ఒకటి వెనక్కి. కాస్త ఆగి రెండోది వెనక్కి. ఏ మడిలో ఉందో, ఏ మాట నాటుతోందో. హనుమాయమ్మ గారు ఆ పాదాల్నే చాలాసేపు చూసింది. ముందుకు వంగి, రెండింటినీ అరచేతుల్లోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అవి ఇంకా కదలబోతే గట్టిగా పట్టుకుంది. క్యాంపు వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున వాళ్ళ ఆఖరి మడికి నాట్లు. మంచు ఇంకా తేలలేదు. ఉరుకుందమ్మ ముఠా అప్పటికే దిగింది. శివపార్వతి గౌను పైకి దోపుకుని, కళ్ళు ఉబ్బి, నారు కట్ట చంకన పెట్టుకుని గట్టు దిగబోయింది. ఆ పిల్లకు ఇక అడగవలసింది ఏమీ మిగల్లేదని ఆ నడకే చెప్పింది.

"ఆగు," అంది హనుమాయమ్మ గారు.

పిల్ల ఆగింది.

"ఆ కట్ట ఇటివ్వు."

కట్ట తీసుకుంది. గోనెపట్టా మడిచి పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది. మేము చూస్తుండగానే ఒక చెయ్యి గట్టు మీద ఆనించి మెల్లగా మళ్ళోకి దిగింది. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. మబ్బు ఒకటి చెదిరి మళ్ళీ కలిసింది.

ముఠా అంతా నడుం ఎత్తి నిలబడింది. ఆ మడి తయారైనప్పటి నుంచి ఆవిడ అందులో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఏందవ్వా ఇది? నీకేం గాచారం?" అంది ఉరుకుందమ్మ. "ఈ వయసులో నడుం పట్టుకుంటే?"

"పట్టుకుంటే నువ్వు సాగదీద్దువుగాని. జరుగు. ఇది దాని వరసేనా?"

"అదే. పాప యాడ?"

"దాన్ని ఇంక మళ్ళోకి పిలవొద్దు. దాని కాళ్ళకి వెనక్కి నడవడం ఒంటబట్టింది. రోజూ ఇందులో దింపి, అడ్డంగా రాయవే అంటే ఎక్కణ్ణుంచి రాస్తుంది." ఆవిడ నా వైపు తిరిగింది. ఊపిరి కాస్త ఎగపోస్తోంది. "దసరాకి ఎన్నాళ్ళుందే అమ్మాయి?"

"నెలకి పైనే ఉంది, మామ్మగారూ."

"చాలదూ?"

"చాలుతుంది."

"ఆ గట్టుకి నిన్ననే బురద మెత్తారు. పలకలాగా ఉంది. దాని మీద రాయించు. పక్కకు జరుగుతూ రాయమను. ఒక్క అక్షరం కిందికి జారినా ఇక్కణ్ణుంచి నాకు తెలుస్తుంది."

"మీకు ఇంగ్లీషు వచ్చా నాన్నమ్మా?" అంది శివపార్వతి. నిన్నటి నుంచి ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అదే.

"వంకర తెలుసు," అంది ఆవిడ. "మొదలుపెట్టు."

ఆవిడ నాటిన మొదటి కుదురు పక్కకు వాలింది. ఉరుకుందమ్మ నవ్వి, వంగి దాన్ని సరిచేసింది. "అవ్వా, బొటనేలు లోపలికి పోనీ. ఇన్నాళ్ళూ ఊరికే చూసి ఏం నేర్సుకుంటివి?"

"నీ నోరు కూడా ఒక అక్షరం చేసి ఎక్కడన్నా పెట్టమని చెప్తా ఉండు, పలక్కుండా," అంది హనుమాయమ్మ గారు. నవ్వులు మంచులోకి పోయాయి. అవి ఎక్కడిదాకా పోయాయో కనబడలేదు.

నేను గట్టు మీద శివపార్వతి పక్కన కూర్చున్నాను. బురద చల్లగా, నున్నగా ఉంది. పిల్ల బొటనవేలు జి దగ్గర ఆగింది. నేను ఆ చేతి పక్కన నా చెయ్యి పెట్టి కొంచెం కుడివైపుకు జరిగాను. పిల్ల నన్ను చూసి తనూ జరిగింది. ఏ రాసింది. మళ్ళీ జరిగాం. టి. కాళ్ళు ఒకసారి వెనక్కి తడుముకుని, వెనక నీళ్ళు తగలగానే ఆగి, పక్కకు వచ్చాయి. గట్టు పొడుగు చాలా ఉంది. అది కాలువ దాకా వెళ్ళి, మంచులో కలిసిపోయింది.

మడిలో హనుమాయమ్మ గారు ఒక అడుగు వెనక్కి వేసింది. గట్టు మీద మేము ఒక జానెడు పక్కకు జరిగాం. పైన మబ్బులూ కింద మబ్బులూ కదులుతూనే ఉన్నాయి. అంత పొద్దున్నే ఎటు వెళ్తున్నారో ఎవరికి వాళ్ళకే తెలిసినట్టు అందరూ నెమ్మదిగా పనిచేస్తున్నారు.

కాసేపటికి మంచులోంచి ఆవిడ గొంతు వినిపించింది. మునుపటికంటే దూరంగా.

"ఎక్కడిదాకా వచ్చావే?"

"గేట్ అయింది నాన్నమ్మా. కేక్‌లో ఉన్నా."

"ఇంకా కేక్‌లోనేనా?" అంది. "జరుగు, జరుగు. నేను అప్పుడే సగం మడికి వచ్చేశా."